చేపల నీళ్ళు

మా ఇంట్లో చేపల తొట్టి నేను కోరి తెచ్చుకున్నది కాదు. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని విసిగిపోయిన మా అమ్మాయి, షాపులు తెరవగానే వెళ్ళి కొనుక్కొచ్చిన మూడడుగుల గాజు పెట్టె అది. మరుసటి ఏడాది తను పైచదువుకి దేశం దాటి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "నువ్వేం పెద్దగా చెయ్యక్కర్లేదమ్మా. రోజూ చిటికెడు మేత, వారానికోసారి కాసిని నీళ్ళు మార్చడం, అంతే" అంది. ఇళ్ళల్లో ఇలా "అంతే" అని అప్పగించే పనులు చివరికి ఎవరి చేతికి చేరతాయో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. మా ఆయన (సహచరుడు అని రాద్దామనుకున్నాను గానీ, తొట్టి విషయంలో ఆయన సహకారం కుర్చీ దాని ముందుకి జరుపుకుని టీ తాగడం వరకే కాబట్టి ఈ వ్యాసంలో మా ఆయనే) చేపల్ని చూస్తే బీపీ తగ్గుతుందని నాకు చెప్తుండేవారు. చూడ్డానికి ఆయనకి తీరిక ఉండేది. కడగడానికి నేనుండేదాన్ని.

తొట్టిలో డజను నియాన్ టెట్రాలు, రెండు ఏంజిల్ చేపలు. టెట్రాలంటే వేలెడు కూడా ఉండవు. ఒంటి మీద నీలం గీత, దాని కింద ఎర్ర గీత, లైటు వేస్తే మిణుగురుల్లా మెరుస్తాయి. మా అమ్మాయి వెళ్ళిన నెలకి వాటి రంగు వెలవెలబోయింది. రెండో నెల నుంచి వారానికొకటి చచ్చిపోవడం మొదలైంది. పొద్దున్నే లేచి, కాఫీకి ముందు, తేలుతున్న చేపని చిన్న వలతో తీసి తులసికుండీ పక్క మట్టిలో పెట్టడం నా దినచర్యలో భాగమైపోయింది. వీడియో కాల్‌లో అమ్మాయి "ఎన్నున్నాయి?" అనడిగితే లెక్క దాటేసేదాన్ని. పిల్లలు అప్పగించి వెళ్ళినదాన్ని కాపాడలేకపోతున్నానన్న అపరాధభావం నన్ను ఎంతగా పట్టేసిందో ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

షాపుకి వెళ్ళి అడిగాను. అతను నాలుగు ప్రశ్నలు వేసి, "మీది బోరు నీళ్ళా మేడమ్? పీహెచ్ ఎక్కువుంటది. సార్‌ని ఒకసారి పంపండి, ఎట్ల చెయ్యాల్నో చెప్త. వాటర్ కెమిస్ట్రీ కొంచెం కాంప్లికేటెడ్" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు డిగ్రీ పిల్లలకి ఛందస్సు చెప్పినదాన్ని, నాకు కాంప్లికేటెడ్ అంటే కొత్తేం కాదన్నాను. నవ్వి, పీహెచ్ తగ్గించే మందు సీసా ఒకటి చేతిలో పెట్టాడు. మూత నిండా పోస్తే చాలట.

పోశాను. కాగితం ముంచి చూస్తే సాయంత్రానికి 8 నుంచి 7 కి దిగింది. తెల్లారి చూస్తే మళ్ళీ 8. మళ్ళీ పోశాను, దిగింది, మళ్ళీ ఎక్కింది. ఆ వారం ఒకటి కాదు, మూడు చేపలు పోయాయి.

మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి నాతోపాటే రిటైరైన స్నేహితురాలికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. "నువ్వు పీహెచ్‌తో పోట్లాడుతున్నావే. అది పైకి కనిపించే ముఖం మాత్రమే. వెనకాల బైకార్బొనేట్ ఉంది చూడు, దాని సంగతి తేల్చు" అంది. బోరు నీళ్ళల్లో కరిగి ఉండే బైకార్బొనేట్ మనం పోసిన ఆమ్లాన్ని పట్టుకుని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ వాయువు నీళ్ళల్లో ఉన్నంతసేపూ పీహెచ్ తగ్గినట్టు కనిపిస్తుంది. గాలి బుడగలతో పాటు అది బయటికి పోగానే నీళ్ళు మళ్ళీ తమ పూర్వస్థితికి వచ్చేస్తాయి. రోజూ ఈ ఎక్కడం దిగడంలో చేప ఒళ్ళు తట్టుకోలేదు. "ఎక్కువ పీహెచ్ కన్నా, పూటపూటకీ మారే పీహెచ్ చేపని ముందు చంపుతుంది" అని చెప్పి, ఆదివారం తనే ఒక చిన్న పెట్టెలో డ్రాపర్ సీసాలు పట్టుకుని వచ్చింది.

ఇక్కడ మా ఇంటి నీళ్ళ గురించి చెప్పాలి. మేముండేది హైదరాబాదులో నిజాంపేట వైపు, అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు. కింద సంపులోకి నల్లా నీళ్ళూ వస్తాయి, బోరు నీళ్ళూ వస్తాయి. రెండూ కలిసి పై ట్యాంకుకి ఎక్కుతాయి. నల్లా వచ్చేది రోజు విడిచి రోజు కాసేపే కాబట్టి మా కుళాయిలో పడేది ముప్పాతిక వంతు బోరు. ఈ నగరం గ్రానైటు మీద కూర్చుని ఉంది. ఆ రాళ్ళ సందుల్లో నిలవున్న నీళ్ళు కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ నింపుకుని పైకొస్తాయి. బకెట్ అంచుకి తెల్ల వలయం, షవర్ కన్నాలు పూడిపోవడం, ఎంత తుడిచినా స్టీలు గిన్నెల మీద పోని మచ్చలు, తలంటుకుంటే పీచులా నిలబడే జుట్టు, ఆరు విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉండే కందిపప్పు. పెళ్ళయి ఈ నగరానికి వచ్చిన కొత్తలో పప్పు ఉడకకపోతే నాకు వంట రాదనుకున్నారు. నేనూ అనుకున్నాను.

నేను కృష్ణా కాలవ నీళ్ళు తాగి పెరిగినదాన్ని. మా పెరట్లో బావి ఉండేది గానీ ఆ నీళ్ళు గిన్నెలకీ బట్టలకీ మాత్రమే. పప్పుకీ కాఫీకీ మా అమ్మ కాలవ నీళ్ళే వాడేది. కాలవకి కొత్తనీరొచ్చి ఎర్రగా ఉన్నప్పుడు బిందె లోపలి గోడకి చిల్లగింజ అరగదీసి వదిలేస్తే తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగి నీళ్ళు తేటపడేవి. ఏ నీళ్ళు ఏ పనికో, ఏ నీళ్ళని ఎలా మలచాలో మా అమ్మకీ అమ్మమ్మకీ తెలుసు. దాన్ని ఎవరూ కెమిస్ట్రీ అనలేదు. నేను పదో తరగతిలో కఠినజలం, మృదుజలం, తాత్కాలిక కాఠిన్యం, శాశ్వత కాఠిన్యం అని బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నప్పుడు కూడా, మా అమ్మ బిందెకీ ఆ పాఠానికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. మా అమ్మకి నేను చెప్పనూ లేదు.

స్నేహితురాలు చుక్కలు లెక్కపెట్టి చెప్పింది: మొత్తం కాఠిన్యం 24 డిగ్రీలు, అందులో కార్బొనేట్ కాఠిన్యం 16. చేపలు పెంచేవాళ్ళ లెక్కలో ఒక డిగ్రీ అంటే లీటరుకి 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్. అంటే మా నీళ్ళల్లో సుమారు 430 మిల్లీగ్రాములు. తాగునీటికి మన దేశపు ప్రమాణం 200. వేరే దిక్కు లేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. టెట్రాల పూర్వీకులు అమెజాన్ అడవి వాగుల్లో, ఆకులు నాని టీ రంగుకి తిరిగిన వాననీటిలో బతికినవి. అక్కడ కాఠిన్యం ఉందంటే ఉంది, లేదంటే లేదు. "అయితే నీ చేపలు అమెజాన్ చూసినవేం కావు, ఏ కొళత్తూరులోనో తొట్లల్లో పుట్టినవే, కొంత సర్దుకుంటాయి" అని స్నేహితురాలే అంది. చెన్నైలో ఉన్న ఆ కొళత్తూరు నుంచే మన ఊళ్ళకి చాలా రంగు చేపలు వస్తాయి. సర్దుకోవడానికి ఒక హద్దుంటుందని కూడా అంది. ఆ మాట చేపల గురించే అంది.

తర్వాతి మూడు నెలలూ నా వంటిల్లు ల్యాబ్ అయింది. ముందు మరిగించాను. మరిగితే బైకార్బొనేట్ విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా అడుక్కి దిగుతుంది. పాఠంలోని తాత్కాలిక కాఠిన్యం అంటే ఇదే. స్టీలు డేగిసాలో పదిహేను లీటర్లు మరిగించి, రాత్రంతా చల్లార్చి, పై తేట వంపుకుంటే అడుగున సున్నంలా తెల్లటి పొడి. 16 కాస్తా 7 కి దిగింది. మరిగిన నీళ్ళల్లో ప్రాణవాయువు పోతుంది కాబట్టి బుడగల మోటారు పెట్టి మళ్ళీ గాలి పట్టించాను. "చేపలకి కాఫీ పెడుతున్నావా?" అన్నారు మా ఆయన. నెలన్నర వచ్చే సిలిండరు నెలకే అయిపోయాక ఆ జోకు కూడా ఆగిపోయింది.

బాదం ఆకులు వేశాను. మనం తినే బాదం కాదు, ఎర్రటి పెద్ద ఆకులు రాల్చే నాటు బాదం. మా సందు చివర ఒక చెట్టుంది. పొద్దున్నే ఊడ్చేవాళ్ళకన్నా ముందు వెళ్ళి ఆకులు ఏరుకుంటుంటే వాచ్‌మన్ భార్య విస్తరాకులు కుడతాననుకుంది. వాటిని కడిగి తొట్టిలో వేస్తే నీళ్ళు లేత టీ రంగుకి తిరిగాయి, చూడ్డానికి ఎంతో బాగుంది, పీహెచ్ మాత్రం వెంట్రుకవాసి కదలలేదు. ఆ ఆకుల్లోని కొద్దిపాటి పులుపుని అంత బైకార్బొనేట్ ఒక్క గుక్కలో మింగేసింది. (తర్వాత బైకార్బొనేట్ తగ్గించాక అవే ఆకులు పనిచేశాయి. వరస తెలియాలి, అంతే.)

పక్క బ్లాకు వాళ్ళకి ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉంది. అక్కణ్ణించి రెండు బకెట్లు తెచ్చాను. సబ్బు చక్కగా నురగొచ్చింది. "మోసపోకు" అంది స్నేహితురాలు. ఆ యంత్రం కాల్షియాన్ని తీసేసి దాని చోట సోడియాన్ని పెడుతుంది. బైకార్బొనేట్ ఎక్కడిదక్కడే ఉంటుంది. చేతికి మెత్తగా తగులుతుంది, క్షారత మారదు. బట్టలకి మేలు, చేపలకి ఒరిగేదేం లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనికి మళ్ళీ వస్తాను.

చివరికి పనిచేసింది ఆర్.ఓ. నీళ్ళు. వంటింట్లో గోడకి ఉన్న ఫిల్టరు నీళ్ళల్లో కాఠిన్యం దాదాపు సున్నా. అయితే అవి మాత్రమే పోస్తే మళ్ళీ ప్రమాదమే. చేపల మలినాలు కుళ్ళేటప్పుడు తయారయ్యే ఆమ్లాన్ని ఆపడానికి కొంచెమైనా బైకార్బొనేట్ ఉండాలి, లేకపోతే పీహెచ్ ఒక్క రాత్రిలో కుప్పకూలుతుంది. "బొత్తిగా కాఠిన్యం లేకపోతే బతకడం కష్టమే తల్లీ" అని ఇద్దరం తెగ నవ్వుకున్నాం. సగం కుళాయి, సగం ఆర్.ఓ. అదీ ఒక్కసారిగా కాకుండా, వారానికి తొట్టిలో నాలుగో వంతు చొప్పున. నా తొట్టి సుమారు 120 లీటర్లది. వారానికి ముప్పై లీటర్ల మార్పు, అందులో పదిహేను ఆర్.ఓ. రెండు నెలలకి పీహెచ్ 7.2 దగ్గర నిలబడింది. మిగిలిన ఐదు టెట్రాలకి నీలం గీత తిరిగొచ్చింది. అమ్మాయికి ఫొటో పంపాను. షాపతనికి కూడా చూపించాను, దాచడమెందుకు.

ఇంతవరకే అయితే ఈ వ్యాసం రాయాల్సిన పని లేదు.

మా ఇంట్లో ఆరేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడది నల్లగొండ జిల్లా. పేరు రాయనా అనడిగితే "నా పేరొద్దు, మా ఊరి పేరొద్దు, మా అమ్మ సంగతి రాయి" అంది. ఒకరోజు నేను ఫిల్టరు కింద పెట్టిన బకెట్ నిండగానే తొట్టి దగ్గరికి మోసుకెళ్తుంటే గిన్నెలు తోముతున్న ఆవిడ చెయ్యి ఆగింది.

"గవి తాగే నీళ్ళు గదమ్మా? చేపలకా?"

నేను ఉత్సాహంగా వివరించడం మొదలుపెట్టాను. బోరు నీళ్ళు ఉప్పు, చేపలకి పడవు, అందుకని. ఆవిడ మధ్యలో ఆపలేదు. అంతా విని, "మాకు గీ నీళ్ళు లేకనే మా అమ్మ వంగిపోయింది" అంది, మామూలుగా, గిన్నె బోర్లిస్తూ.

ఆర్.ఓ. ఫిల్టరు ఒక లీటరు మంచినీళ్ళివ్వడానికి సుమారు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. చేపల పదిహేను లీటర్ల కోసం వారం వారం నేను నలభై ఐదు లీటర్లు మోరీలో పోశాను. ఆవిడ బస్తీలో నలుగురు మనుషులకి రోజుకి ఒక ఇరవై లీటర్ల డబ్బా, కొనుక్కుని. నేను లెక్కల మనిషిని కాను. చుక్కలు లెక్కపెట్టడం అలవాటైంది కాబట్టి ఈ లెక్క కూడా ఆ రాత్రి వద్దన్నా సాగింది.

తర్వాత కొన్నాళ్ళు, పని అయ్యాక టీ తాగుతూ ఆవిడ చెప్పిన మాటలు ఇవి. "మా అమ్మకు నలభై ఏండ్లు గూడ లేవు, మోకాళ్ళు పట్టినయి. తర్వాత నడుము. మెడ తిప్పనీకి రాకపోతుండె. ఎవరన్న పిలిస్తె మనిషి మొత్తం తిరుగుతుండె. ఆఖరికి మంచంల గూడ నిటారుగ పండనీకి రాలె. ఏడుగురం పిల్లలం. అందరికీ పాలిచ్చింది. అందర్ల ముందు గామెనే వంగిపోయింది." ఆహారంలో కాల్షియం తక్కువైన ఒంటికి ఫ్లోరైడ్ దెబ్బ ఎక్కువగా తగులుతుంది. వరస కాన్పుల్లో, చంటిపిల్లల పాలల్లో, ఆఖరున తినే అన్నంలో ఆ కాల్షియం ఎటు పోతుందో మనకి తెలుసు.

ఆవిడ నవ్వినప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం ఆరేళ్ళుగా చూస్తున్నాను. బిడియం అనుకున్నాను. ఆ రోజు కొంగు తీసి పళ్ళు చూపించింది. గోధుమరంగు చారలు, మధ్యమధ్య గుంటలు.

నన్ను ఇప్పటికీ వదలనిది ఆవిడ తర్వాత చెప్పిన మాట. "మా ఊళ్ళె రెండు బాయిలుండె. ఊరి నడుమ బాయి నీళ్ళు ఉప్పు. పప్పు ఉడకకపోతుండె, సబ్బు రుద్దితె తెట్టె కడుతుండె. చెల్కల కాడి బాయి నీళ్ళు తియ్యగుంటుండె. మా అమ్మ గంత దూరం పోయి గవే తెస్తుండె. పప్పు యెన్న లెక్క ఉడుకుతుండె."

ఫోన్లో ఈ మాట చెప్తే స్నేహితురాలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. కాల్షియం దండిగా ఉన్న నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలవలేదు, రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా దిగిపోతాయి. నేల పొరల్లో కూడా పక్క బ్లాకు సాఫ్ట్‌నర్‌లో జరిగినట్టే జరుగుతుంది. నీరు మట్టిలోంచి వెళ్తూ వెళ్తూ కాల్షియాన్ని అక్కడ వదిలి సోడియాన్ని పట్టుకుంటుంది. సబ్బుకి మెత్తగా, పప్పుకి అనువుగా, బైకార్బొనేట్‌తో నిండిన క్షారజలం తయారవుతుంది. ఫ్లోరైడ్‌ని పట్టి ఆపే కాల్షియం ఇక అందులో ఉండదు. రాళ్ళలోంచి అది కరిగి వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. "అలాగని ఉప్పునీళ్ళ బావులన్నీ క్షేమం అని రాసేవు, పరీక్ష చేస్తే తప్ప ఏ బావి సంగతీ చెప్పలేం" అని హెచ్చరించింది. మరిగిస్తే పోదా అన్నాను ఆశగా. పోదు, నీళ్ళు ఇగిరి ఉన్నది ఇంకాస్త చిక్కనవుతుంది.

మన దేశంలో ఈ జబ్బుని మొదటిసారి గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండ పిల్లల మోకాళ్ళు లోపలికి వంకరపోవడం గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ ఇద్దరిలో ఒకరు కమలా కృష్ణస్వామి, తర్వాత ఆ సంస్థకి డైరెక్టర్ అయ్యారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని ఆ జిల్లా పేరే పెట్టారు. పద్ధతి ప్రపంచమంతా తిరిగింది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ ఊరికి మాత్రం రాలేదట. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్ళు నల్లాల్లో వచ్చాయి. అప్పటికి వాళ్ళమ్మ మంచం దిగి పన్నెండేళ్ళయింది. దిగడమంటే ఆవిడ భాషలో పోవడం.

నేను క్లాసులో పాఠం చెప్పిన కథల్లో, కవితల్లో నీళ్ళ కోసం నడిచే ఆడవాళ్ళు ఎంతమందో. నడుం మీద బిందె, కాళ్ళ కింద మైళ్ళు. ఆ దూరం గురించి ప్రశ్నలిచ్చాను, జవాబులు దిద్దాను. నీళ్ళని పరీక్షించే ఆడమనిషి మాత్రం నాకు ఏ కథలోనూ గుర్తులేదు. చెల్కల దగ్గరి బాయి దాకా నడిచిన ఆవిడ తల్లి కేవలం మోసే మనిషి కాదు. పప్పుతో, సబ్బుతో, నాలుకతో రెండు బావుల్ని పోల్చి చూసి, పిల్లల కోసం మంచిదనుకున్నదాన్ని ఎంచుకుంది. ఆమె దగ్గరున్న పరికరాలన్నీ సరిగానే పనిచేశాయి. అవి చూపించలేనిది ఒకటుంది. దాన్ని కొలిచే పరికరం హైదరాబాదులో ఉంది, నాగపూర్‌లో ఉంది, ఆమె దగ్గర లేదు. పెరట్లో బావి ఉన్నా కాలవ నీళ్ళు మోసిన మా అమ్మ చేసిందీ సరిగ్గా అదే పని. మా అమ్మకి దొరికింది కాలవ.

ఆర్.ఓ. నీళ్ళు చేపలకి పోయడం ఆపేశాను. ఆవిణ్ణి రోజూ ఒక డబ్బా పట్టుకెళ్ళమన్నాను. ఇదేదో పెద్ద ఔదార్యం అనుకున్నానేమో, ఆవిడ జవాబు నన్ను నేల మీదికి దించింది. "నాలుగంతస్తులు మెట్ల మీద ఎట్ల మొయ్యాలె అమ్మా? లిఫ్టుల మేము డబ్బాలు తీసుకపోతె సెక్రటరీ సారు అరుస్తడు." పనివాళ్ళు సామాను లిఫ్టులో మొయ్యకూడదన్న నోటీసు మా లిఫ్టు పక్కనే ఉంది. ఆరేళ్ళుగా దాని పక్కన నిలబడి నేను బటన్ నొక్కుతున్నాను. మీటింగ్‌లో అడిగాను. ఒకరికి ఒప్పుకుంటే అందరూ అడుగుతారన్నారు. అందరికీ ఒప్పుకోవచ్చు కదా అన్నాను. అజెండాలో లేదన్నారు. ప్రస్తుతానికి నేను ఊళ్ళో ఉన్న రోజుల్లో డబ్బా నేనే లిఫ్టులో దింపి, స్కూటీ ముందు పెట్టుకుని బస్తీ మలుపు దాకా ఇచ్చి వస్తున్నాను. నేను లేని రోజుల్లో ఆవిడ కొనుక్కుంటుంది. ఇది పరిష్కారం అని నేను అనడంలేదు.

చేపలకి వానే దిక్కయింది. జూన్‌లో మొదటి రెండు వానలూ మేడ దుమ్ము కడుక్కుపోవడానికి వదిలేసి, మూడో వాన నుంచి డ్రమ్ముల్లో పడుతున్నాం. పాత జరీ పంచె వడపోత. ఎండాకాలానికి నిలవ చాలదు, అప్పుడు మరిగించడమే. ఏంజిల్ చేపల్ని షాపతనికి తిరిగిచ్చేశాను. తొట్టిలో ఖాళీ అయిన చోట గప్పీలు తెచ్చి వేశాను. వాటికి మా బోరు నీళ్ళంటే మహా ఇష్టం, అడగకుండానే పిల్లల్ని పెడతాయి, వాటి కోసం ఇంకో చిన్న తొట్టి కావలసి వచ్చింది. మా ఆయన ఈ మధ్య డ్రమ్ము మూతలు తియ్యడం, పెట్టడం చేస్తున్నారు. వ్యాసం ఈ భాగానికి వచ్చేసరికి ఆయన్ని ఏమని రాయాలో ఆలోచిస్తున్నాను.

డ్రమ్ముల పని నేనూ ఆవిడా కలిసే చేస్తాం. సబ్బు పరీక్ష ఆవిడకి నేర్పాను. అసలు ఆవిడకి తెలిసినదాన్నే చుక్కల్లోకి మార్చానంటే సరిగా ఉంటుంది. సబ్బు తురుము స్పిరిట్‌లో కరిగించి డ్రాపర్ సీసాలో పోసుకోవాలి. గాజు సీసాలో కొలిచిన నీళ్ళు తీసుకుని ఒక్కో చుక్కా వేస్తూ గిలకొట్టాలి. నురగ విరగకుండా నిలిచేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో అదే లెక్క. మా ఫిల్టరు నీళ్ళకి రెండు చుక్కలు. వాననీళ్ళకి మూడు. కుళాయి నీళ్ళకి నలభై దాటినా తెట్టె కడుతూనే ఉంది.

పోయిన బతుకమ్మకి ఆవిడ అన్నగారింటికి వెళ్ళింది. పండగ నుంచి వస్తూ సంచిలోంచి సద్దుల పొట్లంతో పాటు ఒక ప్లాస్టిక్ సీసా తీసి బల్ల మీద పెట్టింది. చెల్కల కాడి బాయి నీళ్ళు. ఇప్పుడు ఎవరూ తాగరట, బర్రెలకీ బట్టలకీ వాడతారు. సీసా తేటగా ఉంది. "చుక్కలు వెయ్యి" అంది. డ్రాపర్ ఆవిడ చేతికిచ్చాను. నాలుగో చుక్కకి నురగ నిలబడింది. పొంగి సీసా మూతి దాకా వచ్చింది, తెల్లగా, మెత్తగా. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. "చూసినవా" అంది. ఆ గొంతులో ఉన్నది గర్వమో ఇంకేమిటో నేను పోల్చుకోలేకపోయాను.

మిగిలిన నీళ్ళు స్నేహితురాలు తన పాత విద్యార్థిని పనిచేసే ల్యాబ్‌కి పంపింది. వారానికి చీటీ వచ్చింది. ఫ్లోరైడ్ లీటరుకి నాలుగు మిల్లీగ్రాములు దాటింది. ప్రమాణం ఒకటి, గత్యంతరం లేకపోతే ఒకటిన్నర. చీటీలోని అంకెని వేలితో చూపించి చెప్పాను. ఆవిడ ఆ అంకె మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. తర్వాత, "మరి మేం కొనే డబ్బాల ఎంతున్నదో?" అనడిగింది. ఇంకాసేపటికి, కుళాయి వైపు చూస్తూ, "గీ నల్లాల?"

నా దగ్గర జవాబు లేదు. చేపల కోసం మా నీళ్ళల్లో ఏమేమున్నాయో ఏడాదిన్నరగా కొలుస్తున్నాను, ఈ ఒక్కటీ కొలవలేదు. ఆ మధ్యాహ్నం మూడు సీసాలు కడిగాం. ఒకదాంట్లో మా కుళాయి నీళ్ళు, ఒకదాంట్లో వాళ్ళ డబ్బా నీళ్ళు, ఒకదాంట్లో వాన డ్రమ్ము నీళ్ళు. ఆవిడ చెప్తుంటే చీటీలు రాసి అంటించాను. నాలుగోది కూడా కడిగింది. అది ఎందుకని అడిగితే, బస్తీలో వాళ్ళ పక్కింటామె కూడా పంపుతానన్నదట.